పీబీ పైపులు తీయించి పెక్స్ వేయించాం: పైపుకు ఐదు, గోడలకు రెండు

ఇంట్లో నీళ్ళ పైపులన్నీ మార్పించాం. మార్కులు ముందే చెప్పేస్తాను. పైపుకు ఐదుకు ఐదు. బిగించిన ప్లంబర్లకు నాలుగున్నర. వాళ్ళు వెళ్ళాక వచ్చి గోడలు పూడ్చినాయనకు రెండు, అవి కూడా మనిషి మాట మెత్తన కాబట్టి. కంపెనీ పేరు రాయను. రెండు వేసిన చోట పేరు పెడితే నాకు తలనొప్పి, ఐదు వేసిన చోట పెడితే ప్రకటనలా ఉంటుంది. పైగా మీ దగ్గర ఈ పని చేసేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళను ఏం అడగాలి, ఎక్కడ కన్నేసి ఉంచాలి అన్నదే మీకు పనికొస్తుంది.

మా ఇల్లు 1989లో కట్టింది. అమెరికాలో 1978 నుంచి 1995 మధ్య కట్టిన ఇల్లు ఎవరు కొన్నా ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ముందు వెతకాల్సిన మాట పాలీబ్యూటిలీన్, ఒక రకం ప్లాస్టిక్ పైపు. ప్లంబర్లు పీబీ అని వదిలేస్తారు. ఇంట్లో వేసినది ఎక్కువగా బూడిద రంగులో ఉంటుంది, పైన పీబీ2110 అని అచ్చు కనిపిస్తుంది. రాగి కంటే చవక, టంకం పెట్టే పని లేదు, చుట్ట విప్పుకుంటూ ఇల్లంతా లాగేయొచ్చు. బిల్డర్లు వదులుతారా? లక్షల ఇళ్ళల్లో వేసేశారు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. తాగే నీళ్ళలో కలిపే క్లోరిన్ ఈ ప్లాస్టిక్‌ని లోపలి నుంచి తినేస్తుంది. పైకి పైపు నున్నగా, నిక్షేపంలా ఉంటుంది. లోపలి గోడ మాత్రం పెళుసెక్కి, పొట్టులా లేచి, సన్నటి పగుళ్ళు పడి, అవి నెమ్మదిగా బయటివైపు పాకుతాయి. అందుకే పైపును బయటి నుంచి చూసి ఇంకో పదేళ్ళు ఢోకా లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఫిట్టింగుల సంగతి ఇంకా అన్యాయం. మొదట్లో టీలు, ఎల్బోలు అసిటాల్ అనే ప్లాస్టిక్‌తో చేశారు, చాలాచోట్ల పైపు కంటే ముందు అవే చిట్లాయి. చివరికి 1995లో టెనెసీ కోర్టులో కాక్స్ వర్సెస్ షెల్ ఆయిల్ అనే కేసు 95 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది. ఆ డబ్బుతో అప్పట్లో చాలామంది ఇళ్ళకు పైపులు మార్చారు. క్లెయిములు తీసుకోవడం ఎప్పుడో ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఎవరి ఖర్చు వాళ్ళదే.

మా ఇంట్లో లీకు రాలేదు. ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. పైపులు పీబీ అయితే నీళ్ళ వల్ల జరిగే నష్టానికి కవరేజీ ఉండదని, మార్పించి పర్మిట్ కాగితం పంపితే మళ్ళీ చూస్తామని దాని సారాంశం. అదే సమయానికి నాన్న మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆయన ఉద్యోగమంతా ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గరే గడిచింది. ప్రెషర్, జాయింటు, గేజి అన్న మాటలు చెవిన పడితే చాలు, పడక్కుర్చీలోంచి లేచి వచ్చేస్తారు. ఈ రివ్యూలో సగం ఆయన కళ్ళతో చూసిందే.

ఎస్టిమేట్లు మూడు తీసుకున్నాం. మొదటాయన పైపంతా మార్చడం దండగ, కనిపించే జాయింట్లు మారిస్తే సరిపోతుందన్నాడు. క్లోరిన్ జాయింట్ల దగ్గరే ఆగుతుందా అని అడిగితే ఫోను చూసుకున్నాడు. రెండో ఆయన లెక్క బాగా తక్కువ వచ్చింది. ఎందుకు తక్కువో కాగితం మళ్ళీ చదివితే అర్థమైంది: గోడలు కోయడం వరకే ఆయనది, పూడ్చడం మనది.

మూడో ఆయన వచ్చీ రాగానే పైపుల జోలికి వెళ్ళలేదు. బయట తోట కుళాయికి ఒక గేజి తగిలించి తిప్పాడు. ముల్లు 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దాటింది. ఇళ్ళకు కోడ్ ప్రకారం 80 మించకూడదు. మీటరు తర్వాత ఉండే ప్రెషర్ రెగ్యులేటర్ పాడైపోయిందని, అది మార్చకుండా ఏ పైపు వేసినా దానికి అన్యాయం చేసినట్టేనని చెప్పాడు. తర్వాత నేల కింద ఉన్న క్రాల్ స్పేస్‌లోకి పాక్కుంటూ వెళ్ళి, మోకాళ్ళ నిండా మట్టితో బయటికొచ్చాడు. మీటరు నుంచి ఇంటి దాకా మట్టిలో ఉన్న లైను కూడా పీబీయేనని, అది నీలం రంగుదని చూపించాడు. ముందొచ్చిన ఇద్దరూ ఆ లైను మాటే ఎత్తలేదు. ఇంట్లో రాగి పైపులున్నా సరే, ఆ కాలపు ఇల్లయితే బయటి లైను ఏమిటో ఒకసారి చూసుకోండి. నాన్న నావైపు తిరిగి, "వీడికిచ్చెయ్ రా పని" అన్నారు. ఇచ్చేశాం.

ఆయన వేస్తానన్నది పెక్స్. అంటే క్రాస్‌లింక్డ్ పాలిఎథిలీన్. ఇక్కడ నాన్న అడ్డం తిరిగారు. "ప్లాస్టిక్ తీసి మళ్ళీ ప్లాస్టిక్కేనా? రాగి వెయ్యమను." న్యాయమైన ప్రశ్నే. నాకు దొరికిన జవాబు ఇది. మామూలు పాలిఎథిలీన్‌లో అణువుల గొలుసులు దేనికది విడిగా ఉంటాయి, వేడి చేస్తే జారిపోతాయి. పెక్స్‌లో ఆ గొలుసులను అడ్డంగా ఒకదానితో ఒకటి కలిపేస్తారు, కాబట్టి వేడికి మెత్తబడుతుందే కానీ కరిగి కారిపోదు. క్లోరిన్‌ని తట్టుకోవడానికి యాంటీఆక్సిడెంట్లు కలుపుతారు, క్లోరిన్ పరీక్షలో ఎంతవరకు నిలిచిందో ఆ రేటింగ్ కోడ్ కూడా పైపు మీద అచ్చు వేస్తారు. 73 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 160 పీఎస్ఐ, 180 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ అని కూడా దాని మీదే రాసి ఉంటుంది. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని ఆ అచ్చంతా చదివి, "బాయిలర్ ట్యూబు మీద కూడా ఇంత రాయరు" అన్నారు. రాగి మంచిదే. కానీ ఆమ్లగుణం ఉన్న నీళ్ళు తగిలితే దానికీ సూదిబెజ్జాలు పడతాయి, పైగా వంగదు కాబట్టి గోడలు ఇంకా ఎక్కువ కోయాలి.

పెక్స్‌లో ఏ, బీ, సీ అని మూడు రకాలు. అమ్మేవాళ్ళు ఏ అంటే ఫస్ట్ క్లాసు, బీ అంటే సెకండు అన్నట్టు చెబుతారు. అది ర్యాంకు కాదు, తయారుచేసే పద్ధతి. ఏ రకాన్ని పెరాక్సైడ్‌తో, బీని సైలేన్‌తో, సీని ఎలక్ట్రాన్ కిరణాలతో చేస్తారు. బీ రకానికి రాగి రింగు పెట్టి క్రింప్ చేసినా, అంటే నొక్కి బిగించినా బాగానే ఉంటుంది, ప్రతి క్రింపునూ బిగువు సరిపోయిందో లేదో చెప్పే గో, నో-గో గేజితో సరిచూసే ఓపిక ప్లంబరుకు ఉంటే. మేం ఏ తీసుకున్నది దాని జాయింటు కోసం. ఫిట్టింగు పైపు లోపలికి వెళ్తుంది కాబట్టి క్రింప్ రకంలో అక్కడ దారి ఇరుకవుతుంది. ఏ రకంలో పైపునే సాగదీసి ఫిట్టింగు పెడతారు కాబట్టి ఆ ఇరుకు తక్కువ.

ఆ జాయింటు వేయడం దగ్గరుండి చూశాను, చూడదగ్గదే. పైపు చివర్ని చక్కగా తిన్నగా కోసి, అదే ప్లాస్టిక్‌తో చేసిన మందపాటి రింగు ఒకటి తొడుగుతాడు. సన్నగా మొదలై లావయ్యే ముక్కున్న మెషీన్ని పైపులోకి దూర్చి ట్రిగ్గర్ నొక్కుతాడు. ముక్కు లోపల విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది, కొంచెం తిరుగుతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. పైపు మూతి, రింగు రెండూ కలిసి వెడల్పవుతాయి. మెషీన్ లాగేసి ఇత్తడి ఫిట్టింగుని లోపలికి తోస్తే మొదట వదులుగా జారిపోతుంది. అట్లా పట్టుకుని ఊరికే నిలబడతాడు. పైపు తన పాత సైజుకి రావాలని చూస్తుంది, మధ్యలో ఇత్తడి అడ్డం ఉంది, అంతే, బిగుసుకుపోతుంది. వాచరు లేదు, జిగురు లేదు, స్క్రూ లేదు. "వాచర్ ఏదిరా?" అని నాన్న నన్ను రెండుసార్లు అడిగారు. భాష రాకపోయినా ఆ ప్లంబరుకు ప్రశ్న అర్థమైంది. పనికిరాని ముక్కతో ఒక జాయింటు చేసి, నవ్వుతూ ఆయన చేతిలో పెట్టాడు. నాన్న లాగారు, తిప్పారు, మోకాలికి ఆనించి మెలిపెట్టారు. రాలేదు. "బండిచక్రానికి ఇనప్పట్టా ఎక్కించినట్టే ఉందిరా" అన్నారు. ఆ ముక్క ఇప్పటికీ ఆయన సూట్‌కేసులో ఉంది.

చలి ఉంటే ఈ బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. పొద్దున పూట క్రాల్ స్పేస్‌లో ఒక్కో జాయింటును ఆయన మధ్యాహ్నం కంటే చాలా ఎక్కువసేపు పట్టుకునే ఉన్నాడు, తొందరపడి వదల్లేదు. నాలుగున్నర మార్కుల్లో ఎక్కువ భాగం దానికే. ఒకచోట పైపు వంపులో నలిగి మడతపడింది. కోసి మధ్యలో కప్లింగ్ వేస్తాడనుకున్నా. వేడిగాలి మెషీన్ దూరం నుంచి ఆడిస్తే మెత్తబడి దానంతట అదే గుండ్రంగా లేచి కూర్చుంది. ఏ రకానికి ఈ గుణం ఉంది.

లైన్లు వేయడంలో రెండు పద్ధతులున్నాయి. లావు పైపొకటి ఇల్లంతా తిప్పి దాన్నుంచి కొమ్మలు తీయడం ఒకటి. వాటర్ హీటర్ పక్కన మానిఫోల్డ్ (చాలా మూతులున్న పంపిణీ గొట్టం) పెట్టి, ప్రతి కుళాయికీ అక్కడి నుంచి విడి పైపు లాగడం రెండోది. రెండోదానికి పైపు బాగా ఎక్కువ పడుతుంది, కానీ మానిఫోల్డ్ నుంచి కుళాయి దాకా ఒకే ముక్క. గోడల లోపల జాయింటే ఉండదు. పీబీ ఇళ్ళల్లో కొంపలు ముంచింది ఎక్కువగా ఫిట్టింగుల దగ్గరే కదా, అందుకని మేం దీనికే ఓటేశాం. గ్యారేజీలో ఎర్ర వరస, నీలం వరస, ఒక్కో దానికి చిన్న వాల్వు, పక్కన పేరు. పై బాత్రూం సింకు బాగుచేయాలంటే ఇల్లంతా నీళ్ళు కట్టేయక్కర్లేదు. ఎరుపు, నీలం గుర్తు కోసమే, ప్లాస్టిక్ ఒకటే.

దీనికో ఇబ్బంది ఉంది, ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. సింకులో వేడినీళ్ళతో చేతులు కడుక్కుని పక్కనే ఉన్న షవర్ తిప్పితే మళ్ళీ చన్నీళ్ళే వస్తాయి. దాని లైను వేరు కాబట్టి ఆ లైనులో చల్లారిన నీళ్ళు పోయేదాకా ఆగాలి. మా ఆవిడ దీని మీద ఇంకా సణుగుతూనే ఉంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్ళే అలవాటుంటే, వేర్వేరు బాత్రూంలైతే, ముందే ఆలోచించుకోండి.

చిన్న చిన్న విషయాల్లో ఈ ప్లంబర్లు శ్రద్ధ చూపించారు. వాటర్ హీటరుకు పెక్స్‌ని నేరుగా తగిలించలేదు, మధ్యలో 18 అంగుళాలు లోహపు పైపు ఉంచారు. గోడలోని చెక్క నిట్రాడు అంచుకు దగ్గరగా పైపు వెళ్ళే ప్రతిచోటా ఉక్కు రేకు కొట్టారు, రేపు ఫోటో ఫ్రేముకి మేకు దిగితే పైపుకి తగలకుండా. క్రాల్ స్పేస్‌లో ఎలుకలు దూరే సందులన్నీ మూయమని చెప్పి వెళ్ళారు. పెక్స్‌ని ఎలుకలు కొరుకుతాయి, అది దాని నిజమైన బలహీనత. ఎండ కూడా పడదు, అందుకే చుట్టలను వాకిట్లో పెట్టకుండా వ్యానులోనే ఉంచుకున్నారు. సాయంత్రానికి నీళ్ళు వదలకుండా ఎప్పుడూ వెళ్ళలేదు. పాత పైపులు గోడల్లోనే ఉన్నాయి, కనెక్షన్ తెంపి వదిలేశారు. అంతా పీకించాలనుకోకండి, దానికి ఇల్లు పగలగొట్టాలి.

మరి ఆ అర మార్కు ఎక్కడ పోయిందంటే, వంటింటి కింద. పెక్స్ వేడికి బాగా సాగుతుంది. 100 అడుగుల పైపు 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే ఇంచుమించు అంగుళం పొడుగవుతుంది. అందుకే కాస్త వదులుగా వదలాలి, చెక్కలో కన్నాలు కాస్త పెద్దవి చేయాలి. అన్నిచోట్లా చేశారు, వంటింటి కింద ఒక కన్నం తప్ప. పొద్దున్నే వేడినీళ్ళు తిప్పగానే అక్కడ టిక్ టిక్ మని మొదలవుతుంది, కాసేపటికి ఆగుతుంది. ప్రమాదమేమీ లేదు, చిరాకు మాత్రం ఉంది.

పర్మిట్ కోసం పని చూడటానికి ఇన్‌స్పెక్టర్ రాకముందు ప్రెషర్ టెస్ట్ పెట్టారు. గేజి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది ఎవరో చెప్పక్కర్లేదు. పంపు కొట్టిన కాసేపటికే, "దిగుతోందిరా, దిగుతోంది!" అని కేకలు. నాక్కూడా టెన్షన్ పట్టుకుంది. ప్లంబరు తాపీగా వచ్చి మళ్ళీ పంపు కొట్టాడు. ఒత్తిడికి పైపు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి మొదట ముల్లు దిగుతుందట. ఉబ్బాల్సినంత ఉబ్బాక ఆగుతుంది. ఇనప ట్యూబులతో పనిచేసిన మనిషికి ఇది కొత్త. రెండోసారి కొట్టాక ముల్లు కదల్లేదు, నాన్న మాత్రం భోజనం దాకా కుర్చీ వదల్లేదు.

బయటి లైను కోసం తోటలో కాలవ తవ్వి, మీటరు నుంచి ఇంటి దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేశారు. రెగ్యులేటర్ మార్చాక తోట కుళాయి దగ్గర 60 చూపిస్తోంది. ధార కాస్త తగ్గినట్టనిపించి మొదట వెలితిగా ఉంటుంది, అలవాటైపోతుంది. మొదట్లో నీళ్ళకు ప్లాస్టిక్ వాసన కూడా ఉండేది. పొద్దున కాసేపు వదిలేసి పట్టుకుంటూ వచ్చాం, తర్వాత పోయింది. కుళాయిల చివర ఉండే జల్లెడలు పని అయిన వెంటనే విప్పి కడగండి, పాత పైపుల పొట్టంతా అక్కడికే చేరుతుంది.

ఇక గోడలు. కాంట్రాక్టులో డ్రైవాల్ (గోడకు కొట్టే జిప్సం పలక) ప్యాచ్ అని ఉంది. కోసిన ముక్క పెట్టి, పూసి, మిగతా గోడలా చేసి ఇస్తారనుకుంటాం కదా. ఆ వ్యాపారంలో ప్యాచ్ వేరు, టెక్స్చర్ వేరు, పెయింటు వేరు. మూడూ విడివిడిగా రాయకపోతే మొదటిదే వస్తుంది. పైగా ప్లంబింగ్ కంపెనీ ఈ పనిని వేరే మనిషికి అప్పజెప్పింది. ఆయన పాపం నెమ్మదస్తుడు, పలకరింపుగా మాట్లాడతాడు, చేయి మాత్రం తిరగలేదు. మా గోడల మీద నారింజ తొక్కలా సన్నటి గరుకు ఉంటుంది. ఆయన పూడ్చినచోట అద్దంలా నున్నగా వచ్చింది. పగలు కనిపించదు. రాత్రి మా ఆవిడ టార్చి లైటు గోడకు ఆనించి పక్కవాటుగా వేసింది. మెట్ల దగ్గర నాలుగు పలకలు బయటపడ్డాయి, అంచుల్లో టేపు గీత కూడా కనిపించింది. ఫోన్ చేస్తే మళ్ళీ వచ్చి స్ప్రే డబ్బాతో గరుకు కొట్టాడు. ఈసారి గోడ కంటే గరుకుగా వచ్చింది. మూడోసారి పిలవాలనిపించలేదు, పెయింటర్‌ని విడిగా పెట్టుకుని ఆ గోడంతా చేయించాం. కంపెనీ ఆ ఖర్చులో కొంత ఇస్తామని చెప్పింది, ఇంకా చెబుతూనే ఉంది.

కాబట్టి ఇదే కంపెనీని మళ్ళీ పిలుస్తానా అంటే, పైపులకు కళ్ళు మూసుకుని పిలుస్తాను. గోడల పని కాంట్రాక్టులోంచి తీయించేసి, ఆ మేరకు లెక్క తగ్గించమంటాను. ప్లంబర్లు కోసిన కన్నాలు తిన్నగా, నలుచదరంగా ఉన్నాయి, ఎవరు పూడ్చినా సులువే.

పర్మిట్ ముగిసిందన్న కాగితం, మానిఫోల్డ్ ఫోటో పంపితే ఇన్సూరెన్సు వాళ్ళు కవరేజీ తిరిగి ఇచ్చారు. గోడలు మూయకముందు ప్రతి కన్నానికీ పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాన్న తీసుకున్నారు. సగం ఫోటోల్లో ఆయన బొటనవేలు తప్ప ఏమీ లేదు. మిగతా సగం మొన్న బాత్రూంలో టవల్ రాడ్డు బిగించేటప్పుడు పనికొచ్చాయి.